అమ్మమ్మ "ఖాళీ"గా ఉన్నప్పుడు చేసిన పని

పోయిన నెల ఇక్కడ డబ్లిన్‌లో మా ఆఫీసులో నాతో పనిచేసే ఒకావిడ భోజనానికి వచ్చింది. ఐరిష్ ఆవిడ, యాభై దాటి ఉంటాయి. గుత్తి వంకాయలో కారం సగానికి సగం తగ్గించి చేశాను, అయినా పాపం రెండు గ్లాసుల నీళ్లు తాగింది. తింటూ తింటూ మధ్యలో లేచి, మా టీవీ స్టాండ్ మీద పరిచిన గుండ్రటి తెల్ల లేసు దగ్గరకి వెళ్లి, దాన్ని జాగ్రత్తగా ఎత్తి వెనక్కి తిప్పి చూసింది. వెనక్కి తిప్పి చూడటం దగ్గరే నాకు అనుమానం వచ్చింది, ఈవిడకి విషయం తెలుసని. మామూలువాళ్లు ముందువైపు చూసి బాగుందంటారు. లేసు తెలిసినవాళ్లు వెనకవైపు చూస్తారు, దారం కొసలు ఎక్కడ దాచారో, అతుకు ఎలా పడిందో అక్కడే బయటపడుతుంది. మా అమ్మమ్మ కూడా అంతే, ఎవరింటికి వెళ్లినా ముందు టీవీ మీద గుడ్డ తిరగేసేది, అమ్మ సిగ్గుతో చచ్చిపోయేది.

"ఇది క్లోనిస్‌దా?" అనడిగింది ఆవిడ.

కాదు, మాది పాలకొల్లు వైపు, మా అమ్మమ్మ అల్లింది అన్నాను. నమ్మలేదు. వాళ్ల నాయనమ్మది ఇక్కడ ఐర్లండ్‌లోనే, ఆ క్లోనిస్ ఊరున్న మోనహన్ కౌంటీ అట, ఆ ముసలావిడ జీవితాంతం ఇలాంటివే అల్లిందట, గులాబీ రేకులు ఇలాగే ఒకదాని మీద ఒకటి లేచి ఉండేవట. ఇద్దరం కాసేపు ఆ గుడ్డ పట్టుకుని నిలబడ్డాం. పెరుగన్నం అక్కడే ఉండిపోయింది.

మా వైపు వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు గాని, తెలియనివాళ్ల కోసం చెప్తాను. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల ఊళ్లలో మధ్యాహ్నం పూట ఏ అరుగు మీద చూసినా ఆడవాళ్లు లేసు అల్లుతూ కనిపించేవాళ్లు. చేతిలో చివర చిన్న కొక్కెం ఉన్న సూది, ఒళ్లో దారం ఉండ, అంతే సామాను. మగ్గం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, చోటు కూడా అక్కర్లేదు. కబుర్లాడుతూ, పొయ్యి మీద ఎసరు చూస్తూ, ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని ఊపుతూ అల్లేయొచ్చు. ఇదే దాని సుఖం, ఇదే దాని శాపం కూడా. ఎందుకంటే మిగతా పనుల మధ్యలో చేసే పనిని ఎవరూ పని అనరు.

మా అమ్మమ్మ రోజు ఎలా నడిచేదో నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు ఉంటుంది. తెల్లారగట్ల గేదెలు, పాలు, కల్లాపి, తొమ్మిదికల్లా ఒక వంట, పొలం నుంచి తాతయ్య వచ్చేసరికి రెండో వంట. ఒంటిగంట దాటాక తన కంచం తను కడుక్కుని, నూతి దగ్గర కూర్చుని చేతులు తోముకునేది. మామూలుగా కడుక్కోవడం కాదండీ, నిమ్మచెక్కతో, సబ్బుతో, గోళ్ల సందుల్లో పుల్ల పెట్టి మరీ. పసుపు పోవాలి. కూరలో వేసిన పసుపు వేలికొసన ఎంత మిగిలినా తెల్లదారం దాన్ని పట్టేసుకుంటుంది. మరక పడితే, దారం ఇచ్చి లేసు తీసుకెళ్లే ఏజెంటు కూలిలో కోత కోస్తాడు. అందుకే మా ఇంట్లో ఒంటిగంట తర్వాత ఆవిడ చేత అన్నం కలిపించుకోవడానికి వీల్లేదు, ముద్దపప్పైనా సరే.

ఒకసారి నేనే ఆ కొంప ముంచాను. నాకు ఏడెనిమిదేళ్లు ఉంటాయి, వేసవి సెలవులు, కొత్తావకాయ. తిన్న చెయ్యి సరిగ్గా కడుక్కోకుండా వెళ్లి ఆవిడ ఒళ్లో ఉన్న పువ్వుల గుత్తి పట్టుకున్నాను. పదకొండు పువ్వులు, మూడు రోజుల పని. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, కుంకుడు రసంలో నానబెట్టింది, ఎండలో వేసింది, మళ్లీ నానబెట్టింది. నూనె మరక లేత నారింజ రంగులో అలాగే ఉండిపోయింది. శనివారం ఏజెంటు సైకిల్ మీద వచ్చి, ఇచ్చిన దారం తూకం, వచ్చిన లేసు తూకం సరిచూసి, ఆ గుత్తిని చూపుడువేలితో పక్కకి నెట్టాడు. ఆ నెట్టడం చూశాను నేను. దారం ఖరీదు కూడా పట్టుకున్నాడు. అలా మరక పడి తిరిగొచ్చిందే ఇప్పుడు డబ్లిన్‌లో మా టీవీ స్టాండ్ మీద ఉన్నది. మంచివన్నీ ఎవరింట్లో ఉన్నాయో ఆ దేవుడికి తెలియాలి.

వాటిని తెల్లవాళ్లు ఏం చేసుకుంటారో అమ్మమ్మకి కడదాకా అర్థం కాలేదు. "ఈ గుండ్రాలు నెత్తిన పెట్టుకుంటారా ఏంటే?" అనేది. పూలకుండీ కింద వేస్తారు, టీ కప్పు కింద వేస్తారు అని మా అమ్మ చెప్తే, "కప్పు కిందకా! ఇంత పనీ కప్పు కిందకా!" అని చాలాసేపు నవ్వింది.

సరే, ఈ కొక్కెం సూది మా గోదావరి ఒడ్డుకి ఎలా వచ్చిందన్నది అసలు కథ. 1844లో స్కాట్లండ్ నుంచి వచ్చిన మాక్రే అనే మిషనరీ దంపతులు నరసాపురంలో ఆడవాళ్లకి నేర్పారని చెప్తారు. ఆ ఏడాది దగ్గర కాస్త ఆగాలి. అప్పటికి పదేళ్ల కిందటే, 1832-33లో, నందన కరువు మన కోస్తాని ఊడ్చేసింది. ధవళేశ్వరం ఆనకట్ట ఇంకా లేదు, కాటన్ దొర దాన్ని మొదలుపెట్టింది 1847లో. పైగా నరసాపురం అంటే ఒకప్పుడు బట్టలకి పేరుమోసిన ఊరు. పక్కనే ఉన్న మాధవాయపాలెంలో ఇంగ్లీషు కంపెనీకి గోదాము ఉండేది, అక్కడి నుంచి ఓడెక్కిన నూలుగుడ్డకి ఆ ఊరిపేరే "మాడపొల్లం" అని నిలిచిపోయి ఇంగ్లీషు నిఘంటువుల్లోకి కూడా ఎక్కింది. తర్వాత మాంచెస్టర్ మర గుడ్డ వచ్చి మన మగ్గాల్ని మూలన పడేసింది. అంటే మగ్గం పోయిన చోటికి కొక్కెం సూది వచ్చింది, ఓడలో బట్ట తీసుకెళ్లినవాళ్లే దాన్ని పట్టుకొచ్చారు.

ఐర్లండ్‌లో ఆ పక్క ఏడాదే, 1845లో, బంగాళాదుంపకి తెగులు పట్టింది. వీళ్ల పేదజనానికి దుంపే అన్నం, దుంపే కూర. అయిదారేళ్లలో దాదాపు పది లక్షల మంది చచ్చిపోయారు, అంతకంటే ఎక్కువమందే ఓడలెక్కి వెళ్లిపోయారు. ఆ ఆకలిలోనే దక్షిణాన కార్క్ దగ్గర ఉర్సులైన్ మఠం సిస్టర్లు ఆడపిల్లలకి లేసు నేర్పారు, ఉత్తరాన క్లోనిస్‌లో చర్చి పాస్టరు గారి భార్య కసాండ్రా హ్యాండ్ 1847లో మొదలుపెట్టించింది. వెనిస్‌లో సూదితో కుట్టే ఖరీదైన లేసు ఉంటుంది, నెలల తరబడి పట్టేది. దాని రూపాన్ని కొక్కెం సూదితో అయితే రోజుల్లో తెచ్చేయొచ్చని వీళ్లు కనిపెట్టారు. తొందరగా అవుతుంది, తొందరగా డబ్బు వస్తుంది, ఆకలి ఆగదు కదా మరి.

నాకు ఆగలేదు, రెండు వారాల తర్వాత శనివారం ఆవిడతో కలిసి బస్సెక్కి క్లోనిస్ వెళ్లాను. రాసేటప్పుడు క్లోన్స్ అని రాస్తారు, పలికేటప్పుడు క్లోనిస్ అనాలి, నేను బస్సు డ్రైవర్ దగ్గర తప్పు పలికి నవ్వులపాలయ్యాను. చిన్న ఊరు. చుట్టూ బోర్లించిన గిన్నెల్లా పచ్చటి గుట్టలు, నాలుగు అడుగులేస్తే బోర్డరు, అవతల ఉత్తర ఐర్లండ్. పాత కాలవ ఒడ్డున రాతి గోదాము ఒకటుంది, అందులో పాత లేసులు పెట్టారు.

ఆ అద్దాల ముందు నిలబడి నేను ఏమనుకున్నానో చెప్తే నవ్వుతారు. "అతుకుపని ఎవరు చేశారో గాని చెయ్యి తిరిగినావిడే" అనుకున్నాను. మా వైపు ఒకావిడే మొత్తం గుడ్డ అల్లదు. కొందరు పువ్వులు అల్లుతారు, వాటిని తీసుకెళ్లి ఇంకొకరికి ఇస్తే వాళ్లు కలుపుతారు, ఆ కలపడాన్నే అతుకుపని అంటారు. పువ్వు అల్లినావిడ ఆ పువ్వు ఏ దుప్పట్లోకి వెళ్లిందో చూడదు. ఇక్కడా అచ్చం అదే పద్ధతి. ఒకళ్లు గులాబీలు, ఒకళ్లు మూడాకుల షామ్‌రాక్, ఒకళ్లు ద్రాక్షగుత్తులు, ఆ తర్వాత వాటన్నిటినీ ఒక గుడ్డ మీద బోర్లా పరిచి కుట్టి, మధ్య ఖాళీని వల అల్లి నింపి, కింద గుడ్డ ఊడదీస్తారు. ఒక్కో కుటుంబానికి ఒక్కో పువ్వు ఉండేదట, ఎవరైనా గుమ్మంలోకి వస్తే చటుక్కున కొంగు కింద దాచేసేవాళ్లట, కొంగు నా మాటే అనుకోండి, వాళ్లది ఏప్రాన్. మా అమ్మమ్మ కూడా తొమ్మిది రేకుల పువ్వు ఒకటి పక్కింటి ఆవిడకి నేర్పకుండా పదేళ్లు నెట్టుకొచ్చింది. అడిగితే "నాకూ సరిగ్గా రాదమ్మా" అనేది.

ఇంకో సంగతి విని నేను అక్కడే కుర్చీలో కూలబడ్డాను. ఇక్కడి గుడిసెల్లో పీట్ అని బురదనేల నుంచి కోసి ఎండబెట్టిన మట్టిపెళ్లలు కాల్చేవాళ్లు. ఆ పొగకి లేసంతా నల్లబడిపోయేది. అల్లడం అయ్యాక ఉతికి, తెల్లగా చేసి అప్పుడు అమ్మాలి. వాళ్లకి పొగ, మాకు పసుపు. లండన్ మేడమ్ మెడ చుట్టూ వేసుకునే ఆ మంచులాంటి తెలుపు వెనక ఇంత తోముడు ఉందని ఆ మేడమ్‌కి ఏం తెలుస్తుంది.

ఒక తేడా కూడా ఉంది, దాచకుండా చెప్పాలి. ఇక్కడ ఆ కష్టకాలంలో లేసు డబ్బుని అందరూ డబ్బుగానే చూశారు. దుంప చచ్చిపోయాక ఇంటికి వచ్చే రాబడి అదే, చాలా ఇళ్లల్లో అద్దె కట్టింది, అమెరికా ఓడ టికెట్టు కొన్నదీ అదే. నా స్నేహితురాలి మాటల్లో, వాళ్ల నాయనమ్మ అల్లిక మొదలుపెడితే ఇంట్లో మగవాళ్లు గొంతు తగ్గించేవాళ్లట. మా తాతయ్య ఏనాడూ గొంతు తగ్గించలేదు. పైగా ఎవరైనా "మీ ఆవిడ ఏం చేస్తుందండీ" అనడిగితే "ఇంట్లోనే ఉంటుందండి, ఖాళీగా ఉన్నప్పుడు లేసు అల్లుకుంటుంది" అనేవాడు. ఖాళీగా! నేను లెక్కపెట్టాను ఒక వేసవిలో, మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి దీపాల వేళ దాకా, మళ్లీ రాత్రి అందరూ పడుకున్నాక ఒక గంట. ఆరేడు గంటల ఖాళీ.

ఈ ఖాళీ మాట మా తాతయ్య సొంతం కాదని చాలా ఏళ్లకి తెలిసింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర్లో నరసాపురం వచ్చి, ఊళ్లల్లో తిరిగి, ఈ లేసు ఆడవాళ్ల మీద 1982లో ఒక పుస్తకం రాసింది. లేసు వ్యాపారస్తులు లక్షల్లో ఎగుమతులు చేస్తున్నారు, అల్లేవాళ్లు రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతున్నారు, వాళ్లకి రోజంతా కలిపి రూపాయి కూడా గిట్టట్లేదు. ఎందుకు అంటే, వాళ్లు కార్మికులు కారు గృహిణులు, అది పని కాదు తీరిక వేళ కాలక్షేపం అని అందరూ ఒప్పేసుకున్నారు కాబట్టి. వ్యాపారస్తుడికి అంతకంటే కావలసిందేముంది? గృహిణికి కనీస కూలి ఎవరూ అడగరు, సంఘం ఉండదు, సమ్మె ఉండదు.

ఇందులో కులం కూడా ఉంది, మావాళ్లు ఈ ముక్క చదివి నొచ్చుకున్నా సరే. మొదట్లో ఈ పని నేర్చుకున్నది మిషను చుట్టూ చేరిన క్రైస్తవ కుటుంబాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళితులు. తర్వాత మాలాంటి రైతు కులాలకి పాకింది. మా ఇళ్లల్లో ఆడవాళ్లు పొలంలో దిగడం పరువు తక్కువ, గడప దాటకూడదు, కానీ డబ్బు కావాలి. లేసు సరిగ్గా ఆ సందులో పట్టింది. ఊడ్పులకి, కోతలకి వెళ్లే ఆడవాళ్లకి మా అమ్మమ్మ కంటే ఎక్కువ కూలి వచ్చేది, వాళ్లు కూలి సరిపోలేదని గట్టు మీద నిలబడి మా తాతయ్యతోనే పోట్లాడేవాళ్లు కూడా. అమ్మమ్మ అరుగు మీద కూర్చుని అది చూస్తూ అల్లుకుంటూ ఉండేది. ఆవిడకి పరువు ఉంది, అంతే, దాని ఖరీదు రోజుకి ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు.

ఇక్కడ ఐర్లండ్‌లో ఆ లేసు వైభవం మొదటి ప్రపంచయుద్ధం నాటికి అయిపోయింది, ఫ్యాషన్ మారింది, చవక నకళ్లు వచ్చాయి. ఇప్పుడు కొందరు పట్టుదలగా నేర్చుకుంటున్నారు, నేర్పుతున్నారు. చిన్న కాలరు ఒకటి ధర అడిగి చూశాను, యూరోలని రూపాయల్లోకి మార్చే రోగం నాకు ఇంకా పోలేదు, మార్చి చూస్తే కళ్లు తిరిగాయి. ఆవిడ తన గంటలు లెక్కపెట్టి ధర వేసిందట. గంటలు లెక్కపెట్టి! మంచిపనే చేసింది.

మా వైపు చైనా మర లేసు దెబ్బ కొట్టింది, కరోనాలో ఆర్డర్లు ఆగిపోయాయి. ఊళ్లో ఇప్పుడు పదో తరగతి దాటిన ఆడపిల్ల ఎవరూ సూది పట్టరు, పట్టమని నేనూ అనను, డబ్లిన్‌లో కూర్చుని వాళ్లకి సంప్రదాయం గురించి చెప్పడానికి నాకేం మొహం ఉంది. 2024లో నరసాపురం లేసుకి జీఐ ట్యాగ్, అంటే ఫలానా ఊరి సరుకు అన్న భౌగోళిక గుర్తింపు, వచ్చింది, అప్పటి వార్తల్లో ఆ చుట్టుపక్కల 15 వేల మందికి పైగా ఆడవాళ్లు ఈ పనిలో ఉన్నారని రాశారు. మంచిదే. పేరుకి రక్షణ దొరికింది. కూలి సంగతి పిన్నిని అడిగితే "ట్యాగు వస్తే మాకేంటే, దారం రేటు పెరిగింది" అంది.

పిన్ని అంటే గుర్తొచ్చింది. క్లోనిస్ లేసులో వాళ్లదే అయిన ఒక ముడి ఉంటుంది, పువ్వుకీ పువ్వుకీ మధ్య ఆవగింజల్లా కనిపిస్తాయి. గొలుసు కొంచెం పొడుగ్గా లాగి, దాని కింద నుంచి సూది అటూ ఇటూ తిప్పుతూ పది పన్నెండు చుట్లు వేసి, అన్నిటినీ ఒక్కసారి లాగి బిగించాలి. అక్కడ ఒక ముసలావిడ నాకు అరగంట నేర్పింది, నాకు ఒక్కటీ రాలేదు, ప్రతిసారీ చుట్లన్నీ జారిపోయి జడ ఊడినట్టు అయ్యేది. అందుకని ఆవిడ చేతుల్ని వీడియో తీసి పిన్నికి వాట్సాప్‌లో పంపాను.

పిన్నికి అరవై రెండు. కళ్లజోడు మార్చాలి, మార్చట్లేదు. మర్నాడు పొద్దున్నే వీడియో కాల్ చేసింది. రెండోసారికే వచ్చేసిందట. ఫోను గోడకి ఆనించి నా ముందు మళ్లీ వేసి చూపించింది, గబగబా, మాట్లాడుతూనే, వెనకాల కుక్కరు కూస్తుంటే. వరసగా ఆరు ముడులు, ఆరూ ఒకే సైజు. నాకు ఏడుపొచ్చింది, అమ్మమ్మ వేళ్లే అనిపించింది. ఎంత బావుందో పిన్నీ, నువ్వు దీంతో ఒక గుడ్డ అల్లితే ఇక్కడ చూపిస్తాను అన్నాను.

పిన్ని ఆ ముక్కని కెమెరా దగ్గరకి తెచ్చి, వెనక్కి తిప్పి చూసుకుంది.

"బానే ఉందే గాని, ముడికి ముడికి దారం తెగ తినేస్తంది. తూకంలో తేడా వస్తే ఏజెంటు నన్ను బతకనివ్వడు" అంది, కుక్కరు దింపడానికి లేస్తూ.